గెలాక్సీ ధారలు – పరిసర వాయువు: తెలుగు వివరణమున ఉపమానౌచిత్య విచారము

ఉపక్రమము

కావ్యమునందు ఉపమానము అలంకారము. శాస్త్రవిషయ వివరణమునందు అది అలంకారము మాత్రమే కాదు. చదువరికి వస్తుజ్ఞానము కలిగించు సాధనము. కావ్యములోని ఉపమ దోషయుక్తమైనచో రసమునకు భంగము కలుగును. శాస్త్రవివరణములోని ఉపమ దోషయుక్తమైనచో అసత్యము సత్యమువలె మనస్సున నాటుకొనును. అట్లు నాటుకొన్నదానిని తరువాత పెకలించుట మిక్కిలి కష్టము. అందుచేత విజ్ఞానవిషయములను తెలుగున చెప్పునప్పుడు వాడు పోలికలను గూడ మన ఆలంకారికుల గీటురాతిపై పరీక్షించుట అవసరము. అట్టి పరీక్షకు ఆధునిక ఖగోళశాస్త్రమున మిక్కిలి అనువైన విషయ మొకటి కలదు. కొన్ని గెలాక్సీల కేంద్రములనుండి వెలువడు మహాధారలు తమ చుట్టునున్న వాయువుతో ఎట్లు తలపడుచున్నవి అనునదే ఆ విషయము.

వినువాడెవడో నిర్ణయింపక ఔచిత్యమును నిర్ణయింపరాదు. ఇచ్చట వినువాడు కర్ణాటక రాష్ట్రమున, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని వల్లూరి బాలుడు. పావగడ తాలూకా దాదాపు అన్ని వైపులను ఆంధ్రప్రదేశపు నేలచే చుట్టబడిన సీమ. అచ్చటి తెలుగు కుటుంబముల పిల్లలకు ఇంట తెలుగు, ఊరి వ్యవహారమున కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు. వల్లూరు, తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరముల మేర సౌరవిద్యుత్ ఫలకములు పరచబడియున్నవి. 2018 లో ప్రారంభమైన ఆ సౌరోద్యానము 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. ఆకాశమునుండి శక్తి వచ్చునని ఆ యూరి బాలునికి ఎవరును నేర్పనక్కరలేదు. ఇక వానికి నేర్పవలసినది, సూర్యునికి కోట్ల రెట్లు మించిన శక్తులు విశ్వమున ఎట్లు వర్తించుచున్నవో ఆ సంగతి. దానిని వాని యింటి భాషలో సరిగా చెప్పగలమా అనునదే ఈ వ్యాసమునందలి ప్రశ్న. చెప్పలేనిచో, తెలుగు ఇంటి మాటలకు మాత్రమే పనికివచ్చు భాషయని వాడు తలంచును. ఆ తలంపు వానితో ఆగదు. వాని పిల్లలవరకు పోవును.

ధారయొక్క స్వరూపము

1918 లో అమెరికాలోని లిక్ వేధశాలయందు హీబర్ కర్టిస్ అను శాస్త్రజ్ఞుడు, కన్యారాశిలోని ఎమ్ 87 అను గెలాక్సీ ఛాయాచిత్రమున, దాని కేంద్రమునుండి తిన్నగా వెలువడిన ఒక సన్నని రేఖను గుర్తించెను. అది యేమో ఆనాడు తెలియలేదు. ఆ కేంద్రమున సూర్యునికి సుమారు 650 కోట్ల రెట్లు ద్రవ్యరాశి గల కృష్ణబిలము కలదని నేడు తెలిసినది. దాని నీడను చూపు చిత్రము 2019 ఏప్రిల్ 10 న వెల్లడి చేయబడినది. బిలములో పడబోవు పదార్థము దానిచుట్టు పళ్లెమువలె తిరుగుచుండును. ఆ తిరుగుడునందలి శక్తియు, బిలముయొక్క భ్రమణశక్తియు, అయస్కాంత క్షేత్రముల మూలమున రెండు ఎదురుదిక్కులకు రెండు సన్నని ధారలుగా వెడలును. బిలములో పడినది మరల వెలికి రాదు. పడకమునుపే మరలింపబడినదానితోనే ధార యేర్పడును. బలమైన ధారయొక్క సామర్థ్యము పదివేల కోట్ల సూర్యుల వెలుగును మించును.

అయితే ధారలను గూర్చిన జ్ఞానము కేంద్రమునుండి మొదలు కాలేదు. అవి చేరిన చోటునుండి మొదలైనది. హంసరాశిలో సిగ్నస్-ఏ అను రేడియో జ్యోతి కలదు. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ కేంద్రమున పనిచేయుచుండిన రోజర్ జెన్నిసన్, భారతీయుడైన మృణాల్ కుమార్ దాస్‌గుప్త అను నిరువురు 1953 లో ఆ జ్యోతి ఒకటి కాదనియు, ఎడమెడముగా నున్న రెండు భాగములనియు కనుగొనిరి. ఆ రెండు భాగముల నడుమ గెలాక్సీ కలదు. రేడియో తరంగములను వెదజల్లు మేఘములు ఇరుప్రక్కల లక్షల కాంతి సంవత్సరముల దూరము వ్యాపించియున్నవి. గెలాక్సీలో కాక, దానికి అంత దూరమున ఈ వెలుగు ఏల పుట్టుచున్నది?

1974 లో పీటర్ షోయర్ ఒకవైపున, రోజర్ బ్లాండ్‌ఫర్డ్, మార్టిన్ రీస్ మరియొకవైపున దీనికి సమాధానము చెప్పిరి. గెలాక్సీల నడుమనున్న చోటు శూన్యము కాదు. అచ్చట పలుచని వాయువు నిండియున్నది. ధార ఆ వాయువును ఢీకొనును. ధారలోని పదార్థము కాంతివేగమునకు చేరువైన వేగముతో పోవుచున్నను, దాని కొన మాత్రము ఆ వేగముతో ముందుకు పోజాలదు. లోపలినుండి ధార త్రోయును, వెలుపలనుండి వాయువు అడ్డగించును. ఈ రెండును సరితూగు వేగముననే కొన ముందుకు జరుగును. సిగ్నస్-ఏ వంటి జ్యోతులలో ఆ వేగము కాంతివేగమున నూటికి కొన్ని పాళ్లు మాత్రమే. వెనుకనుండి వచ్చు పదార్థము ఆ కొనయందు ఒక్కసారిగా నిలిచి, కాగి, మిక్కిలి ప్రకాశించును. పిదప ముందుకు దారి లేక, ప్రక్కలకు విరిసి వెనుకకు మరలి, ధారచుట్టు ఒక కోశమువలె నిండును. మనకు కనబడు రేడియో మేఘములు ఆ కోశములే. అనగా ధార ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎట్టి ఆకారము అనువానిలో సగము నిర్ణయము వాయువుదే.

అదే సంవత్సరమున బెర్నార్డ్ ఫానరాఫ్, జూలియా రైలీ అనువారు రేడియో గెలాక్సీలను రెండు తెగలుగా విభజించిరి. మొదటి తెగలో ధార కేంద్రమునకు చేరువనే ఎక్కువగా వెలిగి, దూరము పోవుకొలది మసకబారును. రెండవ తెగలో అది చెదరక సాగి, కొనయందు మెరయును. మొదటి తెగ ధారలు దారిలోని వాయువును తమలో కలుపుకొని, దాని బరువుచే మందగించి, చెదరిపోవునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈ భేదమునకును వాయువు కారణములలో ఒకటి.

పదవిచారము: జెట్టు, ధార

ఉపమానమునకు ముందు పదము. ఇంగ్లీషు పదమును జెట్టు అని తెలుగున వాడుట కలదు. ఆ మాట వినగానే వల్లూరి బాలునికి విమానము తోచును. అది తప్పు కాదు గాని, విమానము గాలిని చీల్చుకొని తన దారిన తాను పోవును. దానివలన గాలికి కలిగిన మార్పును గూర్చి ఎవరును ఆలోచింపరు. వెనుకటి తెలుగున జెట్టి యనగా మల్లుడు. మల్లునికి ఎదిరి యుండవలెను. ఎదిరి లేనిదే కుస్తీ లేదు. ఈ ధ్వనిసామ్యము యాదృచ్ఛికమే అయినను, విమానముకంటె మల్లుడే ఇచ్చటి వస్తువునకు దగ్గరవాడు.

ధార అను మాట మేలైనది. దానియందు ఎడతెగని ప్రవాహమను అర్థము కలదు. కత్తియంచు అను అర్థముచే తీక్ష్ణతయు తోచును. కన్నడమున ఇదియే ధారె. పెండ్లిలో ధారపోయుట రెండు భాషలవారికిని తెలిసిన ఆచారము. ధారపోయువాడున్నచో పుచ్చుకొనువాడు ఉండియే తీరవలెను. పుచ్చుకొనువాడు లేని ధారకు అర్థము లేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము వినుబాలునికి రెండు చెవులలోను ఒకే విధముగ పలుకు మాటను విడిచి, రెంటికిని పరాయిదైన మాటను ఎత్తుకొనుట ఔచిత్యము కాదు. కావున ఈ వ్యాసమున ధార యనియే వాడబడినది.

వాయువు అను మాటను గూర్చి మాత్రము హెచ్చరిక అవసరము. తెలుగువానికి వాయువనగా గాలి. గాలి యనగా చల్లనిది, వీచునది. గెలాక్సీల సమూహములలోని వాయువు కోట్ల డిగ్రీల వేడి గలది. అణువులు చితికి విద్యుత్కణములుగా విడిపోయిన ప్లాస్మా యది. అది ఎంత పలుచన యనగా, సమూహ కేంద్రమున సైతము సాధారణముగా ఒక ఘన సెంటీమీటరునకు ఒక కణమైనను ఉండదు. మనము పీల్చు గాలిలో అంత చోటనే రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు కలవు. అంత పలుచనిది ధారను ఎట్లు అడ్డగింపగలదను సందేహము సహజము. ధార అంతకంటెను పలుచన యగుటయే దానికి సమాధానము. పైగా ఆ వాయువు వ్యాపించిన చోటు అపారము. సమూహములోని గెలాక్సీల నక్షత్రము లన్నింటిని కలిపినను, వాని ద్రవ్యరాశికంటె ఆ వాయువు ద్రవ్యరాశియే హెచ్చు.

ఉపమాన పరీక్ష

ఉపమాదోషములు ఏడని మేధావి చెప్పినట్లు భామహుడు కావ్యాలంకారమున పేర్కొనెను. వానిలో రెండు ఇచ్చట ముఖ్యములు. వర్ణింపబడు వస్తువునందున్న అంశము ఉపమానమునందు లోపించినచో అది హీనత. వస్తువునందు లేని అంశము ఉపమానమున వచ్చి చేరినచో అది అధికత్వము. దండి కొంత ఉదారుడు. సహృదయులకు ఉద్వేగము కలిగింపని భేదములను దోషములుగా నెంచనక్కరలేదని యాతని మతము. శాస్త్రవివరణమున సహృదయుని స్థానమును వస్తుసత్యము ఆక్రమించును. ఆ సత్యమునకు భంగము కలిగింపని లోపమును మన్నింపవచ్చును, కలిగించుదానిని మన్నింపరాదు.

ధారకు మొదట తోచు పోలిక చిమ్మనగ్రోవి. పూర్వకవుల జలక్రీడలలో కనబడు వస్తువు గనుక తెలుగువానికి ప్రియమైనది. సన్నని రంధ్రమునుండి ఒత్తిడిచే నీరు తిన్నగా వెలువడుట ఇందలి సాదృశ్యము. చిమ్మనగ్రోవి మిక్కిలి చిన్నది, ధార మిక్కిలి పెద్దది అను ఆక్షేపణ నిలువదు. పరిమాణభేదము పోలికకు సహజము. అసలు దోషము వేరు. గాలికంటె నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుచే చిమ్మనగ్రోవి నీరు గాలిని లెక్కసేయక పోవును. గెలాక్సీయందు జరుగునది దీనికి విపరీతము. అచ్చట ధార తేలిక, పరిసరము బరువు. కావున చిమ్మనగ్రోవి పోలికలో వాయువుయొక్క ప్రతిరోధము పూర్తిగా లోపించినది, ఇది హీనత. ఈ పోలికను నమ్మిన బాలుడు, కోశమును గూర్చి విన్నప్పుడు, ముందుకు పోవలసినది వెనుకకు ఏల మరలినదని విస్తుపోవును.

రెండవది బాణము. మన పురాణముల అస్త్రములు స్మృతికి వచ్చుటచే ఇదియు సులభముగా తోచును. బాణమునకు గురి యున్నది, విడిచినవాని సంకల్పమున్నది. ధారకు ఈ రెండును లేవు. ఇది అధికత్వము. అంతేకాక, బాణము ఒకసారి విడువబడునది. ధార లక్షల, కోట్ల సంవత్సరములు ఎడతెగక పారునది. ధార గెలాక్సీలను ధ్వంసము చేయునను భావమును బలపరచుటవలన బాణోపమ మరింత హానికరము. ఆ భావము సగమే సత్యమని ముందు తెలియగలదు.

మూడవది దివిటీ పొగ. ఊరేగింపున దివిటీ పట్టినవాడు ముందుకు నడచుచుండగా పొగ వెనుకకు వాలును. పెర్సియస్ గెలాక్సీ సమూహమున ఎన్.జి.సి. 1265 అను గెలాక్సీ సెకనుకు రెండువేల కిలోమీటర్లకు పైబడిన వేగముతో వాయువు నడుమ పోవుచున్నది. దాని రెండు ధారలును ఇరుప్రక్కలకు బయలుదేరి, పిదప వెనుకకు వంగి, తోకవలె సాగియున్నవి. ఇచ్చట దివిటీ పోలిక అన్నివిధముల తగినది. గాలి లేనిదే పొగ వాలదు గనుక, పరిసరముయొక్క పని పోలికలోనే కనబడుచున్నది. అయినను ఇది వంగిన ధారలకు మాత్రమే చెల్లును.

నాలుగవది ఆముదపు కాడ. ఆముదపు ఆకు కాడ లోపల బోలుగా నుండును. పల్లెటూరి పిల్లలు దానిని నీటిలో ముంచి ఊదుట పరిపాటి. ఊదిన గాలి వేగముగా బయలుదేరినను, కొంచెము దూరముననే నీటిచే అడ్డగింపబడి, బుడగలై పైకి లేచును. ఇందు వెలువడునది తేలిక, పరిసరము బరువు, వెలువడినది అడ్డగింపబడుచున్నది, పిదప బుడగలగుచున్నది, బుడగలు పరిసరమును ప్రక్కకు త్రోయుచున్నవి. ఈ నాలుగును గెలాక్సీయందు గలవు. 1999 లో అంతరిక్షమునకు పంపబడి, సుబ్రహ్మణ్య చంద్రశేఖరుని పేర చంద్ర అని పిలువబడు ఎక్స్-కిరణ వేధశాల, హైడ్రా-ఏ, పెర్సియస్ మున్నగు సమూహములలో ఈ బుడగలను స్పష్టముగా చూపినది. వేడి వాయువు ఎక్స్-కిరణములచే వెలుగుచుండగా, దాని నడుమ చీకటి గుంతలు కనబడినవి. రేడియో చిత్రమును దానిపై నుంచి చూడగా ధారల కోశములు సరిగా ఆ గుంతలలోనే కుదురుకొన్నవి. ధార వాయువును త్రోసివేసి తనకు చోటు చేసికొన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఈ పోలికకును హద్దు కలదు. కాడనుండి వచ్చు గాలి నోటికి చేరువనే చెదరును. కొన్ని ధారలు ఎంతో దూరము తిన్నగా పోవును. 2024 లో ప్రకటింపబడిన పోర్ఫిరియన్ అను ధారల జంట ఒక కొననుండి మరియొక కొనకు సుమారు 2.3 కోట్ల కాంతి సంవత్సరముల పొడవు గలది. మరియు నీటిలోని బుడగ పైకి వచ్చి పగిలిపోవును. గెలాక్సీ బుడగకు అట్టి ఉపరితలము లేదు, కేంద్రమునుండి దూరముగా తేలిపోవుటయే దానికి పైకి లేచుట. ఈ రెండు భేదములను పోలికతోపాటే చెప్పినచో దోషము తొలగును.

పాడునది యెవరు?

పెర్సియస్ సమూహము భూమికి సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. దాని నడిమి గెలాక్సీ ఎన్.జి.సి. 1275. ఆండ్రూ ఫేబియన్, ఆయన సహచరులు 2003 లో అచ్చటి వాయువునందు, చెరువులో రాయి వేసినప్పటి అలలవంటి వలయములను గుర్తించిరి. అవి శబ్దతరంగములు. ఒక అలకును మరియొక అలకును నడుమ సుమారు కోటి సంవత్సరముల కాలము. మన హార్మోనియము మధ్యస్థాయి షడ్జమునకు 57 స్థాయిలు క్రిందనున్న స్వరమది. 2022 లో అమెరికా అంతరిక్ష సంస్థ ఆ తరంగములను చెవికి వినబడు స్థాయికి పెంచి ప్రకటించినది. అంతట కృష్ణబిలము పాడుచున్నదను మాట లోకమంతట వ్యాపించినది.

ఈ మాట విమర్శకు నిలువదు. పాడునది బిలము కాదు; వాయువు. బిలమునుండి బయలుదేరిన ధార బుడగలను ఊదినది; బుడగలు వాయువును కదలించినవి; వాయువు కంపించినది. మృదంగము మ్రోగినప్పుడు వాద్యగాని చేతిని మెచ్చుకొనుట న్యాయమే గాని, చర్మమును మరచి చేయి మ్రోగినదనుట న్యాయము కాదు. ఇచ్చటను ధారయందే దృష్టి నిలిపి వాయువును విస్మరించుటయే దోషము. చిమ్మనగ్రోవి పోలికలోను, బాణము పోలికలోను, ఈ పాట మాటలోను లోపించినది ఒక్కటే.

ఎసరు – కట్టె

వాయువును చేర్చిననే గాని అర్థముకాని మహావిషయ మొకటి కలదు. సమూహముల నడుమనున్న వాయువు ఎక్స్-కిరణములను వెదజల్లుచు శక్తిని కోల్పోవుచుండును. కనుక అది క్రమముగా చల్లారి, కేంద్రమునకు జారి, సంవత్సరమునకు వందల సూర్యులంత పదార్థము నక్షత్రములుగా మారవలెను. అనేక సమూహములలో అట్లు జరుగుట లేదు. ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ అను వేధశాల 2001 నాటికి, ఉండవలసినంత చల్లని వాయువు అచ్చట లేదని చూపినది. ఏదో యొకటి వాయువును మరల కాచుచున్నది. ఆ పని చేయునవి ధారలే యని నేడు విరివిగా నంగీకరింపబడిన అభిప్రాయము. బుడగలను ఊదుటకు వలసిన శక్తిని లెక్కింపగా, అది వాయువు కోల్పోవు శక్తికి రమారమి సరిపోవుచున్నది.

ఇందలి నియమమునకు వంటింటి పోలిక చాలును. ఎసరు తగ్గినచో వండునామె కట్టెను ఎగదోయును. పొంగినచో వెనుకకు లాగును. వాయువు చల్లారినప్పుడు బిలమునకు మేత హెచ్చును, ధార బలపడును, వాయువు కాగును. కాగినప్పుడు మేత తగ్గును, ధార సన్నగిల్లును. అయితే ఇచ్చట అధికత్వ మొకటి చేరినది. పొయ్యికడ ఎరుక గల మనిషి కలదు, గెలాక్సీయందు లేదు. అచ్చట ఎసరులో కొంత తానే కట్టెగా మారి పొయ్యిలోనికి జారుచున్నది. ఈ ఒక్క మాట చేర్చినచో పోలిక నిర్దుష్టమగును. అంతేకాదు, ధారను పుట్టించుటయందును వాయువుకు పాలు కలదని తేటపడును.

బుడగలలోని శక్తి వాయువంతట ఎట్లు పరచుకొనుచున్నది అనునది ఇంకను చర్చలోనున్న విషయము. శబ్దతరంగముల మూలముననా, సుడులవలననా, రెండును కలిసిపోవుటవలననా యని పక్షములు కలవు. జపానుదేశపు హితోమి ఉపగ్రహము 2016 లో నష్టమగుటకు ముందు పెర్సియస్ వాయువును పరీక్షించి, సుడుల వేగము సెకనుకు సుమారు 164 కిలోమీటర్లు మాత్రమే యని తెలిపినది. అంత ప్రచండమైన ధార ప్రక్కన వాయువు అంత నెమ్మదిగా నుండుట శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరచినది. బాణోపమను నమ్మినవానికి ఈ నెమ్మది అసలు అర్థము కాదు.

సంహారమా, సృష్టియా?

ధార వాయువును తరిమివేయును, నక్షత్రములు పుట్టకుండ చేయును అనునది ఒక పార్శ్వము. ఐ.సి. 5063 అను గెలాక్సీయందు ధార గెలాక్సీ పళ్లెము వెంబడిని పోవుచు, దట్టమైన వాయుమేఘములను సెకనుకు వందల కిలోమీటర్ల వేగముతో చెదరగొట్టుచున్నది. దీపాంజన్ ముఖర్జీ, జెఫ్రీ బిక్‌నెల్ మున్నగువారు 2018 లో ప్రకటించిన గణకయంత్ర గణనలు ఈ పోరును చక్కగా చూపినవి. ధార మేఘముల నడుమ సందులు వెదకికొనుచు, చీలి, ప్రక్కలకు ప్రాకి, చుట్టును ఒక బుడగను పెంచును.

రెండవ పార్శ్వము దీనికి ఎదురు. ఎన్.జి.సి. 541 గెలాక్సీనుండి వెలువడిన ధార దారిలోనొక వాయురాశిని తాకినది. ఆ తాకిడిచే ఒత్తుకొని చల్లారిన వాయువునందు క్రొత్త నక్షత్రములు పుట్టినవి. దానికి మింకోవ్‌స్కీ వస్తువని పేరు. మనకు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్న సెంటారస్-ఏ గెలాక్సీ ధార పరిసరములందును లేతనక్షత్రములు కానవచ్చినవి. ఒకే ధార ఒకచోట చెదరగొట్టును, ఒకచోట కూర్చును. ఏది జరుగునో నిర్ణయించునది ధార ఒక్కటే కాదు. తాకబడిన వాయువు ఎంత దట్టము, ఎంత వేడి, ఎట్లు పరచుకొన్నది అనునవియు. కావున సంహారాస్త్రమని గాని, సృష్టికర్త యని గాని ధారకు బిరుదులిచ్చుట రెండును తొందరపాటులే.

గౌరీబిదనూరు సాక్ష్యము

ఈ విషయము దూరదేశముల వేధశాలలకు మాత్రమే చెందినదని వల్లూరి బాలుడు తలంపనక్కరలేదు. అదే సరిహద్దు సీమలో, హిందూపురమునకు చేరువనున్న గౌరీబిదనూరునందు, 1976 లో ఒక రేడియో దూరదర్శిని నెలకొల్పబడినది. బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి దానిని నిర్మించినవి. ఇంగ్లీషు టీ అక్షరమువలె అమర్చిన 1,000 డైపోలులు, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల బారు. అది ఆలకించినది సుమారు 8.7 మీటర్ల పొడవైన తరంగములను. దానితో చేసిన ఆకాశ పరిశీలనమును కె. ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ అనువారు 1990 లో ప్రకటించిరి.

పొడవైన తరంగములకు ఈ విషయమున ప్రత్యేక ప్రయోజనము కలదు. ధార ఆగిపోయినను అది ఊదిన కోశము వెంటనే మాయము కాదు. అందలి ఎలక్ట్రానులలో మిక్కిలి శక్తిగలవి ముందుగా నీరసించును. మిగిలినవి పొడవైన తరంగములయందే మినుకుమినుకుమనును. పాత ధారల జాడలు తెలియవలెనన్న అట్టి తరంగములనే ఆలకింపవలెను. పూణే చెంత ఖొడదు గ్రామమున 45 మీటర్ల వ్యాసముగల 30 పళ్లెములతో వెలసిన మహా మీటరుతరంగ దూరదర్శిని ఈ మార్గముననే గొప్ప ఫలమునిచ్చినది. ఓఫియూకస్ సమూహము మనకు సుమారు 39 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అచ్చటి వాయువునందలి ఒక మహాగర్తము అంచును ఎక్స్-కిరణ చిత్రములు చూపియుండెను. అది ధార త్రవ్వినదే యని 2020 లో రూఢి యగుటకు ఈ దూరదర్శినియు, ఆస్ట్రేలియాలోని మరియొకటియు తోడ్పడినవి. ఆ గర్తము వెడల్పున మన పాలపుంతవంటి గెలాక్సీలు పదునైదు వరుసగా పట్టునని అంచనా. త్రవ్విన ధార నేడు లేదు. గుర్తు మాత్రము వాయువునందు నిలిచియున్నది. ధార కథను దాచి మనకు చెప్పుచున్నది వాయువే.

ఉపసంహారము

పై పరీక్షవలన తేలినవి మూడు. గెలాక్సీ ధారలను తెలుగున చెప్పునప్పుడు ధార యను మాటయే ఉచితము. పోలికను ఎన్నుకొనునప్పుడు అందు పరిసర వాయువునకు స్థానము కలదా యని ముందుగా చూడవలెను. లేని పోలిక యెంత సుందరమైనను త్యాజ్యము. ఏ పోలికయు సంపూర్ణము కాదు గనుక, అది ఎచ్చట చెల్లదో ఆ మాట పోలిక వెంటనే చెప్పవలెను. ఈ మూడవ నియమమునే మనవారు తరచు విడిచిపుచ్చుచున్నారు. పోలిక చెప్పి మెప్పించుట సులభము. దాని హద్దు చెప్పుటకు వస్తువు తెలిసియుండవలెను.

ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సిద్ధాంతీకరించెను. ఆ కొలబద్ద నేటి విజ్ఞానరచనకును సరిపోవుచున్నదనుటకు ఈ విచారము ఒక నిదర్శనము. తెలుగునకు ఈ విషయమును చెప్పు శక్తి లేదనుట సత్యము కాదు. చిమ్మనగ్రోవివద్దనే ఆగిపోయినచో లోపము చెప్పినవారిది, భాషది కాదు. భాషలో ఆముదపు కాడయు, ఎసరును, దివిటీయు ఉన్నవి. ఇంతకు పూర్వము వానిని ఈ పనికి పిలిచినవారు అరుదు, అంతే.

వల్లూరి బాలుడు తొట్టి ప్రక్కన కూర్చుండి ఆముదపు కాడతో నీటిలోనికి ఊదుచున్నప్పుడు, ఊపిరి ఎందుకు తిన్నగా పోలేదని వానిని అడుగవలెను. నీళ్లు అడ్డము వచ్చినవని వాడు వెంటనే చెప్పును. అచ్చటినుండి పెర్సియస్ బుడగలకు పోవుటకు వానికి తెలుగు చాలును.